పేరు చెప్పడం, పేరుపెట్టి పిలవడం: జావాస్క్రిప్ట్‌లో క్లిక్ ఘటనకు ప్రమేయాన్ని ముడివేసిన పద్ధతుల చరిత్ర – తెలుగు టైపింగ్ పనిముట్ల నేపథ్యం

వ్యాససంగ్రహం:

వెబ్ పేజీలో ఒక బొత్తాన్ని నొక్కగానే ఏ పని జరగాలో నిర్ణయించే విధానం 1995 నుంచి నేటివరకు అనేక మార్పులు పొందింది. పేజీలోనే ఆజ్ఞను రాయడంతో మొదలైన ఈ విధానం, పనికి పెట్టిన పేరును మాత్రమే అప్పగించే దశకు చేరింది. ఈ పరిణామానికి మూలం పేరును చెప్పడానికి, పేరుపెట్టి పిలవడానికి మధ్యనున్న భేదం. ఈ భేదం వ్యాకరణ విద్యార్థికి కొత్తది కాదు. ఈ వ్యాసం పై పరిణామాన్ని కాలక్రమంలో వివరించి, పద్మ, లేఖిని, నారాయం వంటి పనిముట్ల చరిత్రతో దాని సంబంధాన్ని చూపుతుంది. ప్రమేయాలకు తెలుగు లిపిలో పేర్లు పెట్టినప్పుడు కలిగే సౌలభ్యాన్ని, ప్రమాదాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఘటన, ప్రమేయం, సంజ్ఞ, జావాస్క్రిప్ట్, యూనికోడ్, లిప్యంతరీకరణ, లేఖిని, తెలుగు వికీపీడియా.

1. ప్రవేశిక:

తెలుగు అచ్చు చరిత్రను రాసేటప్పుడు అచ్చు అక్షరాల పోతను, ముద్రణాలయాలను, అరసున్న, బండిరల వంటి లిపి సమస్యలను పరిశోధకులు చర్చిస్తారు. గ్రంథాన్ని మాత్రమే చూసి, అది తయారైన పనిముట్టును విడిచిపెడితే ఆ చరిత్ర అసంపూర్ణమని వారికి తెలుసు. అంతర్జాలంలో వెలువడిన తెలుగు విషయంలో మాత్రం ఈ జాగ్రత్త తక్కువగా కనిపిస్తుంది. బ్లాగుల సాహిత్యంపై, అంతర్జాల పత్రికలపై సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి. ఆ రచనలు ఏ సాధనంతో తెరమీదికి వచ్చాయి, ఆ సాధనం ఎలా పనిచేసింది అన్న ప్రశ్నలు సాంకేతిక నిపుణులవిగా మిగిలిపోతున్నాయి.

గాజువాక వంటి పారిశ్రామిక ప్రాంతంలోని విద్యార్థులకు యంత్రం పరాయి వస్తువు కాదు. ఉక్కు కర్మాగారం మూడు షిఫ్టులలో నడుస్తుందని, షిఫ్టు మారే వేళ ఎవరు ఏ పనికి వెళ్లాలో ముందుగానే జాబితాలో రాసి ఉంటుందని ఇక్కడి పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది. జాబితాలో పేరు రాసినంత మాత్రాన ఆ మనిషి పనిలోకి దిగడు. వేళ అయినప్పుడు, జాబితాలోని పేరును బట్టి పనిలోకి వెళతాడు. ఈ వ్యాసంలో చర్చించబోయే సాంకేతిక విషయం సారాంశంలో ఇంతే. ఒక ఘటన జరిగినప్పుడు చేయవలసిన పనిని ముందుగా పేరుతో నమోదు చేయడం వేరు, ఆ పేరుతో పనిని అప్పటికప్పుడు చేయించడం వేరు. ఈ రెండింటి మధ్య ఎడం ఎలా ఏర్పడిందో, ఎలా పెరిగిందో తెలుసుకోవడం తెలుగు టైపింగ్ పనిముట్లను అర్థం చేసుకోవడానికి అవసరం.

2. పరిభాష – వ్యాకరణ దృష్టి:

వాడుకరి బొత్తాన్ని నొక్కడం, మీటను తాకడం, పేజీ పూర్తిగా తెరుచుకోవడం వంటివాటిని ఈ వ్యాసంలో ఘటనలు అంటున్నాము. కొన్ని ఆజ్ఞలను ఒకచోట చేర్చి, వాటికి ఒక పేరు పెట్టి, కావలసినప్పుడు వాడుకునే ఏర్పాటు ప్రమేయం. ఇది గణితశాస్త్ర పరిభాషలో తెలుగువారికి పరిచితమైన మాటే. ఘటనకు ప్రమేయాన్ని జతచేయడమే ఇక్కడి ముడి.

జావాస్క్రిప్ట్‌లో ప్రమేయం పేరును ఒంటరిగా రాస్తే అది ఆ ప్రమేయాన్ని సూచిస్తుంది. పేరు పక్కన కుండలీకరణాలు చేర్చి రాస్తే ఆ ప్రమేయం వెంటనే అమలవుతుంది. అంటే ‘పలకరించు’ అన్నది సూచన, ‘పలకరించు()’ అన్నది పిలుపు. కొత్తగా నేర్చుకునేవారు అధికంగా తడబడేది ఇక్కడే.

తెలుగు వాక్యనిర్మాణం ఈ భేదాన్ని స్పష్టంగా చూపగలదు. “గంట మోగగానే తలుపు తీయమని చెప్పాను” అన్న వాక్యంలో ‘గానే’ ఘటనను, ‘తీయమని’ అప్పగించిన పనిని తెలుపుతున్నాయి. ఈ వాక్యం పలికినప్పటికి తలుపు ఇంకా తెరుచుకోలేదు. ‘అని’ అనే అనుకారకం తన ముందున్న క్రియను జరిగిన పనిగా కాక, చెప్పబడిన మాటగా మారుస్తుంది. “తలుపు తీశాను” అంటే పని ముగిసింది. కుండలీకరణాలు లేని పేరుకు ‘తీయమని’ అన్న రూపం, కుండలీకరణాలున్న పేరుకు ‘తీశాను’ అన్న రూపం సమానాలు.

శబ్దాన్ని ఉచ్చరించడానికీ దాన్ని పేర్కొనడానికీ గల భేదాన్ని మన వ్యాకర్తలు ప్రాచీనకాలంలోనే గుర్తించారు. పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయంలోనే, శాస్త్రంలో వాడిన శబ్దం సాధారణంగా తన రూపాన్నే సూచిస్తుందని, సంజ్ఞలకు మాత్రం ఈ నియమం వర్తించదని విధించాడు. సంజ్ఞ తన రూపాన్ని కాక, తాను పేరుగా నిలిచిన విషయాన్ని సూచిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంజ్ఞా పరిచ్ఛేదంతోనే ఆరంభం కావడం గమనార్హం. ముందు పేర్లు పెట్టి, తరువాతి సూత్రాలలో ఆ పేర్లతోనే పని జరిపించడం శాస్త్రరచనా పద్ధతి. ప్రమేయం పేరు కూడా ఈ అర్థంలో ఒక సంజ్ఞ.

3. తొలిదశ – పేజీలోనే ఆజ్ఞ:

నొక్కగానే పని జరగాలన్న ఆలోచన వెబ్‌తో పుట్టలేదు. యాపిల్ సంస్థ 1987లో విడుదల చేసిన హైపర్‌కార్డ్‌లో ప్రతి బొత్తానికీ దాని స్వంత ఆజ్ఞల పాఠం ఉండేది. మౌస్ మీట పైకి లేచిన ఘటనకు ‘ఆన్’ అన్న ఉపపదంతో పని రాసేవారు. 1995 మేలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తొలి నమూనా రూపొందించిన భాషలో ఈ ‘ఆన్’ కొనసాగింది. ఆ భాష మొదట మోచా, తరువాత లైవ్‌స్క్రిప్ట్ అన్న పేర్లు దాటి, 1995 డిసెంబరు 4న జావాస్క్రిప్ట్‌గా ప్రకటితమైంది. 1996లో విడుదలైన నెట్‌స్కేప్ 2 విహరిణితో వాడుకలోకి వచ్చింది.

ఈ దశలో బొత్తాన్ని వర్ణించే హెచ్‌టీఎంఎల్ పాఠంలోనే ‘ఆన్‌క్లిక్’ అనే లక్షణానికి విలువగా ఆజ్ఞను రాసేవారు. ఆ విలువ కేవలం అక్షరాల వరుస. విహరిణి దాన్ని ఒక ప్రమేయపు లోపలి భాగంగా గ్రహించి, నొక్కినప్పుడు అమలు చేసేది. కాబట్టి అక్కడ ‘పలకరించు()’ అని కుండలీకరణాలతో రాయడమే సరైనది. కుండలీకరణాలు లేకుండా రాస్తే, పేరును తలచుకొని ఊరుకున్నట్లే, ఏ పనీ జరగదు.

నేర్చుకోవడానికి ఈ పద్ధతి సులభం. కాని రెండు చిక్కులున్నాయి. మొదటిది, పేజీ వర్ణన, పేజీ ప్రవర్తన ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. యాభై బొత్తాలున్న పేజీలో ఒక ప్రమేయం పేరు మారితే యాభై చోట్ల దిద్దాలి. రెండవది పేర్ల సంఘర్షణ. ఆన్‌క్లిక్ లక్షణంలో రాసిన పేరును విహరిణి ముందుగా ఆ బొత్తానికి చెందిన పేర్లలో, తరువాత పేజీ పత్రానికి చెందిన పేర్లలో వెతికి, చివరకు మాత్రమే రచయిత స్వయంగా పెట్టిన పేర్ల దగ్గరికి వస్తుంది. ‘క్లియర్’ అన్న ఆంగ్ల నామంతో ఎవరైనా ప్రమేయం రాసుకుంటే, అదే పేరుతో పత్రంలో ముందే ఉన్న మరొక ప్రమేయం పలుకుతుంది. ఒక ఊరిలో ఒకే పేరు గలవారు ఇద్దరుంటే, పిలుపు ముందుగా ఎదురైన మనిషికి చేరినట్లుగా ఉంటుంది.

4. పేరును అప్పగించడం – కుండలీకరణాల చిక్కు:

ఐక్ నమూనా వెనుక స్కీమ్ అనే భాష ప్రభావం ఉంది. 1975లో రూపొందిన ఆ భాషలో ప్రమేయం కూడా సంఖ్యవలె, పదంవలె ఒక విలువ. దాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి అందించవచ్చు. ఈ గుణం జావాస్క్రిప్ట్‌కు సంక్రమించింది. అందువల్ల పేజీ పాఠాన్ని తాకకుండా, విడిగా ఉన్న ఆజ్ఞల పాఠంలో ‘బొత్తం.ఆన్‌క్లిక్ = పలకరించు’ అని రాయడం సాధ్యమైంది. ఇక్కడ కుండలీకరణాలు ఉండరాదు. ‘పలకరించు()’ అని రాస్తే, ఆ వరుస చదివిన క్షణంలోనే పలకరింపు జరిగిపోతుంది. పలకరింపు ఫలితంగా ఏది మిగిలిందో అదే బొత్తానికి దక్కుతుంది. చాలా సందర్భాలలో మిగిలేది శూన్యమే కనుక, తరువాత ఎంత నొక్కినా బొత్తం మౌనంగా ఉంటుంది.

అంటే మొదటి పద్ధతిలో తప్పనిసరి అయిన గుర్తు రెండవ పద్ధతిలో దోషమైంది. పాత పుస్తకాలు చూసి కొత్త పద్ధతిలో రాసేవారికి ఈ గందరగోళం నేటికీ ఎదురవుతుంది. ప్రమేయానికి ఏదైనా సమాచారం అందించవలసి వచ్చినప్పుడు ఇది మరింత జటిలమవుతుంది. ‘పలకరించు(“సీత”)’ అని రాయాలనిపిస్తుంది, రాస్తే వెంటనే అమలవుతుంది. పరిష్కారం మరొక చిన్న ప్రమేయంలో ఆ పిలుపును చుట్టి, బయటి ప్రమేయాన్ని అప్పగించడం. తెలుగులో “సీతను పలకరించమని” అన్న పదబంధం మొత్తాన్ని ‘అని’ తనలో ఇముడ్చుకున్నట్లే ఇదీ.

ఈ రెండవ పద్ధతికీ ఒక పరిమితి ఉంది. ఒక బొత్తానికి ఒకే పేరు నిలుస్తుంది. రెండవ పేరు రాస్తే మొదటిది చెరిగిపోతుంది.

5. శ్రోతల పట్టిక:

ఈ పరిమితిని తొలగించింది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ. 2000 నవంబరు 13న అది ఆమోదించిన రెండవ స్థాయి డామ్ ఘటనల ప్రమాణంలో ‘యాడ్ ఈవెంట్ లిజనర్’ అనే విధానం వచ్చింది. దీని ప్రకారం ఒక్కో ఘటనకు శ్రోతల పట్టిక ఉంటుంది. పట్టికలో ఎన్ని ప్రమేయాలనైనా చేర్చవచ్చు. ఒకే ప్రమేయాన్ని అదే ఘటనకు అదే తీరున రెండుసార్లు చేరిస్తే రెండవ చేర్పును విహరిణి లెక్కించదు. చేర్చినదాన్ని తొలగించే విధానమూ ఉంది. అయితే తొలగించాలంటే చేర్చిన ప్రమేయాన్నే మళ్లీ చూపాలి. అక్కడికక్కడే పేరు లేకుండా రాసిన ప్రమేయాన్ని మళ్లీ చూపే దారి లేదు. అక్షరం అక్షరం అదే పాఠాన్ని తిరిగి రాసినా, విహరిణి దృష్టిలో అది వేరొక ప్రమేయం. పేరు కేవలం చదువరి సౌకర్యం కోసం కాక, ప్రమేయానికి గుర్తింపుగా నిలిచిన దశ ఇది.

ప్రమాణం వచ్చినంత మాత్రాన వాడుక ఏకరూపం కాలేదు. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1999లో విడుదలైన అయిదవ రూపం నుంచి ‘అటాచ్ ఈవెంట్’ అనే స్వంత విధానాన్ని పాటించింది. 2011లో వెలువడిన తొమ్మిదవ రూపంలో గాని అది ప్రామాణిక విధానాన్ని స్వీకరించలేదు. ఆ దశాబ్దమంతా వెబ్ రచయితలు ఒకే పనిని రెండు మాండలికాలలో రాయవలసి వచ్చింది. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ గ్రంథాలయం ఈ రెండింటినీ ఒకే రూపం కిందికి తెచ్చినందువల్ల కూడా ఆదరణ పొందింది. తరువాతి కాలంలో భద్రతా కారణాలు తొలి పద్ధతిని మరింత వెనక్కు నెట్టాయి. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ ప్రమాణాన్ని అమలు చేసే పేజీలలో, ప్రత్యేకించి అనుమతిస్తే తప్ప, పేజీలో రాసిన ఆన్‌క్లిక్ ఆజ్ఞ పనిచేయదు. బయటివారు పేజీలోకి చొప్పించిన ఆజ్ఞకూ రచయిత రాసిన ఆజ్ఞకూ తేడా తెలియకపోవడమే ఇందుకు కారణం.

6. తెలుగు టైపింగ్ పనిముట్లు:

పై పరిణామం సాగిన దశాబ్దంలోనే తెలుగు అంతర్జాలంలో స్థిరపడింది. యూనికోడ్ తొలి రూపం (1991) లోనే తెలుగుకు స్థానం లభించినా, వాడుకరి దగ్గర తెలుగు మీటల పలక లేదు. రోమన్ అక్షరాలలో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొంది, ప్రవాసాంధ్రుల చర్చలలో అప్పటికే స్థిరపడింది. దినపత్రికలు తమ స్వంత ఫాంట్లలో వెబ్‌లో వెలువడేవి. ఒక పత్రిక పాఠం మరొక ఫాంటులో చదవడానికి వీలయ్యేది కాదు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, స్వంత ఫాంట్ల పాఠాన్ని, రోమన్ లిపిలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను రూపొందించారు. ఇది ఫైర్‌ఫాక్స్ విహరిణికి పొడిగింతగా, జావాస్క్రిప్ట్‌లో తయారైనది. పద్మ ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందించారు. వాడుకరి కంప్యూటర్‌లో ఏదీ స్థాపించుకోనక్కరలేదు. ఒక పెట్టెలో రోమన్ అక్షరాలు కొడుతుంటే మరొక పెట్టెలో తెలుగు కనిపిస్తుంది. ఆనాటి తెలుగు బ్లాగర్లలో చాలామంది ఈ మార్గంలోనే తెలుగులో రాయడం మొదలుపెట్టారు.

ఇటువంటి పనిముట్టు ఏదైనా ఘటనా-ప్రమేయ బంధం మీదనే నిలుస్తుంది. తాకిన ప్రతి మీట ఒక ఘటన. క్లిక్‌కు తోబుట్టువు. మీట తాకగానే లిప్యంతరీకరణ ప్రమేయం పలకాలి. ‘క’ తరువాత ఏ అచ్చు వస్తుందో తెలిసేదాకా గుణింతం స్థిరపడదు కనుక, ప్రతి ఘటనకూ ప్రమేయం వెనుకటి అక్షరాన్ని తిరిగి చూసి సరిదిద్దాలి. ఈ ప్రమేయం పొరపాటున శ్రోతల పట్టికలో రెండుసార్లు చేరితే, ఒకసారి మారిన పాఠం మళ్లీ మార్పుకు లోనవుతుంది. పట్టికలో చేర్చేది పేరున్న ప్రమేయమైతే ఆ ప్రమాదాన్ని ప్రమాణమే నివారిస్తుంది.

తెలుగు, ఆంగ్లాలను కలిపి రాసే వాడుకరికి టైపింగ్ సహాయాన్ని ఆపే, తిరిగి తెరిచే వీలు కూడా అవసరం. వికీపీడియాలో 2011 నుంచి వాడుకలోకి వచ్చిన ‘నారాయం’ పొడిగింతలో కంట్రోల్, ఎం మీటలను కలిపి నొక్కితే ఈ మార్పు జరిగేది. 2013లో సార్వత్రిక భాషా ఎంపిక పనిముట్టు నారాయం స్థానాన్ని గ్రహించింది. ఇటువంటి సహాయాన్ని ఆపడానికి ఒక మార్గం శ్రోతను పట్టిక నుంచి తొలగించడం. 2000 నాటి ప్రమాణం ప్రకారం పేరులేని శ్రోతను తొలగించలేమని పైన చూశాము. చూడటానికి చిన్నదైన ఈ నియమం, వాడుకరి ఇష్టమున్నప్పుడు తెలుగు, ఇష్టమున్నప్పుడు ఆంగ్లం రాసుకునే స్వేచ్ఛకు ఆధారం కాగలదు. నారాయం అంటే మలయాళంలో తాటాకులపై రాసే ఇనుప గంటం, లేఖిని అంటే కలం. పనిముట్లకు వ్రాతసాధనాల పేర్లే పెట్టడంలో, వాటిని గ్రంథ రచనా చరిత్రలో భాగంగా వాటి కర్తలు భావించారని గ్రహించవచ్చు.

7. తెలుగులో పేరు పెడితే:

ప్రమేయాలకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చునా అన్నది సహజమైన ప్రశ్న. 1999 డిసెంబరులో వెలువడిన ఎక్మాస్క్రిప్ట్ మూడవ ప్రమాణం యూనికోడ్ అక్షరాలను, వాటితో కూడే గుణింతపు గుర్తులను, పొల్లును పేర్లలో అనుమతించింది. కనుక ‘పలకరించు’, ‘వెతుకు’, ‘అక్షరాలు_లెక్కించు’ అన్నవి నేడు ఏ విహరిణిలోనైనా చెల్లే పేర్లు. మూడవ విభాగంలో చెప్పిన పేర్ల సంఘర్షణ వీటికి దాదాపు ఉండదు. పత్రంలో ముందే ఉన్న పేర్లన్నీ ఆంగ్లంలోనివి కావడమే కారణం.

కాని తెలుగు పేర్లకు ఆంగ్లంలో లేని ప్రమాదం ఒకటుంది. చూపుకు ఒకటిగా కనిపించే రెండు పేర్లు యంత్రానికి వేరు కావచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా (0సీ48) రాయవచ్చు. ఎత్వపు గుర్తు (0సీ46), ఐత్వపు కింది భాగం (0సీ56) కలిపీ రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ అంగీకరిస్తుంది. జావాస్క్రిప్ట్ మాత్రం పేర్లను పోల్చేటప్పుడు ఈ సమానత్వాన్ని పాటించదు. ‘పైకి’ అని ఒక తీరున నిర్వచించి, మరొక తీరున ముడివేస్తే, అటువంటి పేరు లేదని విహరిణి చెబుతుంది. తెరమీద రెండూ ‘పైకి’గానే ఉంటాయి.

రెండవది, పొల్లు తరువాత సంయుక్తాక్షరం ఏర్పడకుండా ఆపే కనిపించని గుర్తు. ‘క్లిక్‌చేయి’ వంటి పేరు రాయడానికి ఇది అవసరం. మూడవ ప్రమాణం ఇటువంటి గుర్తులను పాఠం నుంచి తొలగించి చదివేది. 2009 డిసెంబరు నాటి అయిదవ ప్రమాణం దీన్ని పేరులో భాగంగా అంగీకరించింది. తెలుగువంటి లిపులకు ఇది న్యాయమైన మార్పు. అయితే ‘క్లిక్’ అన్న పేరు చివర ఈ గుర్తు ఉన్నదీ, లేనిదీ ఒకేలా కనిపిస్తాయి, రెండు వేర్వేరు పేర్లవుతాయి.

పేరు అక్షరాల వరుసగా ప్రయాణించే చోట ఈ ప్రమాదం మరింత నిగూఢం. బొత్తం మీద ప్రమేయం పేరును కేవలం పాఠంగా రాసి, నొక్కినప్పుడు ఆ పాఠాన్ని బట్టి ప్రమేయాన్ని వెతికే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అప్పుడు పేజీ తెరిచినప్పుడు దోషం బయటపడదు. వాడుకరి నొక్కిన తరువాతే తెలుస్తుంది. దీనికి రెండు జాగ్రత్తలు చెప్పవచ్చు. అనుమతించిన పేర్లకు ఒక పట్టిక ఏర్పరచి, అందులో ఉన్నవాటినే పలికించాలి. పోల్చే ముందు ఇరువైపుల పేర్లనూ యూనికోడ్ సూచించిన ఏకరూపానికి తేవాలి. ఈ ఏకరూపం ఐత్వపు భేదాన్ని తొలగిస్తుంది, కనిపించని గుర్తును తొలగించదు. ఆ గుర్తు విషయంలో రచయితే నియమం పెట్టుకోవాలి. ఒక ప్రతిలోని పాఠభేదాలను పరిష్కరించే పండితునికి ఈ పని స్వభావం వెంటనే బోధపడుతుంది.

8. ముగింపు:

పై చర్చ నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. క్లిక్ ఘటనకు ప్రమేయాన్ని ముడివేసిన పద్ధతులు పిలుపు నుంచి పేరు వైపు సాగాయి. 1996 నాటి పద్ధతిలో పిలుపును పాఠంగా రాశారు. 2000 నాటి ప్రమాణం ప్రమేయాన్నే పట్టికలో నమోదు చేయించింది. ఈ దశలో పేరు ప్రమేయానికి గుర్తింపు అయింది.

2. కుండలీకరణాల విషయంలో నేటికీ కలిగే తడబాటుకు ఈ రెండు దశల నియమాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండటమే కారణం. ‘చేయగానే’, ‘చేయమని’ అన్న తెలుగు రూపాలతో ఈ భేదాన్ని మాతృభాషలోనే బోధించవచ్చు.

3. పద్మ, లేఖిని, నారాయం వంటి పనిముట్లు ఈ పరిణామంతో పాటే రూపొందాయి. ఇరవై ఒకటవ శతాబ్దపు తెలుగు రచనా చరిత్రలో వీటి నిర్మాణాన్ని కూడా అచ్చు చరిత్రతో సమానంగా అధ్యయనం చేయవలసి ఉంది.

4. తెలుగు లిపిలో పెట్టిన పేర్లు చెల్లుతాయి, కాని ఒకే రూపానికి బహుళ సంకేతాలు ఉండటంవల్ల వాటికి పాఠపరిష్కరణ అవసరం. తెలుగు లిపిలోని ఏయే రూపాలకు ఇటువంటి భేదాలు సాధ్యమో ఒక పట్టిక తయారు చేయడం తెలుగు శాఖల పరిశోధకులు చేయగలిగిన, చేయదగిన పని.

సంజ్ఞలు నిర్దుష్టంగా ఉంటేనే సూత్రాలు పనిచేస్తాయన్నది వ్యాకరణశాస్త్రం నేర్పిన పాఠం. వెబ్ పేజీలోని బొత్తానికీ అదే వర్తిస్తుంది. దానిపై రాసిన తెలుగు పేరు సరైనదో కాదో తేల్చగల పరిజ్ఞానంలో సగం కంప్యూటర్ శాస్త్రానిది, సగం తెలుగు శాఖది.